కంపెనీ ద్రవ్యము - గ్రామసంఘము



నేడు నేను ముచ్చటింపబోవునది కావ్యము కాదు, వ్యాకరణము కాదు. తెలుగు పండితుడు కంపెనీల చట్టమును గూర్చి చెప్పుటయా యని కొందరు నవ్వవచ్చును. ముప్పదియేండ్లకు పైగా పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్న పిమ్మట, అక్షరములు గుండ్రముగా నుండునను నొక్క కారణముచేత, మా యూరి పఠనమందిర సంఘమున పుస్తకము వ్రాయు పని నా పాలబడినది. పుస్తకమనగా మినిట్సు పుస్తకము. ఆ పని వలన నా కొక నూతన శాస్త్రము పరిచయమైనది. దానిని తెలియక మన గ్రామములలో మంచి సంఘములు పెక్కు నష్టపడుచున్నవి కావున మీకు మనవి చేయుచున్నాను.

నన్ను పలువు రడుగు ప్రశ్న యిది. "అయ్యా, మన జిల్లాలోనే పెద్ద కర్మాగారములున్నవి. అవి లోకోపకారమునకై కోట్లకొలది వ్యయపెట్టుచున్నవని పత్రికలలో చదువుచున్నాము. మా బడికి, మా గ్రంథాలయమునకు అందులో నొక పిడికెడైన రాదేమి?" ప్రశ్న న్యాయమైనదే. సమాధానము మాత్రము కంపెనీవారి లోభగుణములో లేదు. చాలమట్టునకు మన యింటి కాగితములలో నున్నది.

పూర్వము సంపన్నులు బావులు త్రవ్వించిరి, చెరువులు కట్టించిరి, సత్రములు నిలిపిరి. మన పెద్దలు ఇట్టి పనులకు పూర్తమని పేరిడిరి. అది దాత యిచ్ఛ. ఇచ్చిన పుణ్యము, ఈయకున్న అడుగువాడు లేడు. 2013వ సంవత్సరమున పార్లమెంటు చేసిన కంపెనీల చట్టము 135వ సెక్షనులో ఈ యిచ్ఛను విధిగా మార్చినది. అది 2014 ఏప్రిల్ 1వ తేది నుండి అమలునకు వచ్చినది. చట్టము వెలసిన నాడు పెట్టిన కొలత యిది: ఏ యార్థిక సంవత్సరముననైనను నికర ఆస్తివిలువ 500 కోట్ల రూపాయలు గాని, మొత్తపు విక్రయము 1000 కోట్లు గాని, నికరలాభము 5 కోట్లు గాని, లేక అంతకు మించి గాని యున్న కంపెనీ ఈ విధికి లోబడును. మూడును ఉండ నక్కరలేదు, ఏ యొక్కటియున్నను చాలును. అట్టి కంపెనీ గడచిన మూడేండ్ల సగటు నికరలాభములో నూటికి రెండు రూపాయలకు తక్కువ గాకుండ సామాజిక కార్యములపై వ్యయము చేయవలయును.

ఒక ఉదాహరణము. ఒక కంపెనీకి మూడేండ్లలో వరుసగా 40, 50, 60 కోట్ల లాభము వచ్చినదనుకొనుడు. సగటు 50 కోట్లు. అందు నూటికి రెండనగా ఒక కోటి రూపాయలు. ఈ సొమ్మునకే లోకమున సి.ఎస్.ఆర్. నిధులని వ్యవహారము. కార్పొరేట్ సామాజిక బాధ్యత యని పత్రికలవారి యనువాదము. కార్పొరేట్ అను మాటకు లాటినులో కాయమను నర్థము గల శబ్దము మూలము. శరీరము లేనిదానికి చట్టము శరీరమును కల్పించుట యన్నమాట. ఈ శబ్దవిచారము నా పాండిత్యప్రకర్షకు చెప్పినది గాదు. ఇది ముందు మనకు పనికివచ్చును.

మొదటి యేండ్లలో కంపెనీ వ్యయపెట్టకున్నచో, ఏల పెట్టలేదో తన నివేదికలో కారణము వ్రాసిన చాలియుండెను. 2021 జనవరి 22వ తేదినుండి ఆ సౌకర్యము పోయినది. మిగిలిన సొమ్మును చట్టము చెప్పిన నిధికి గడువులోపల మార్పవలయును. లేనిచో జరిమానా. కావున నేడు కంపెనీలును తగిన సంఘములకొరకు వెదకుచునే యున్నవి. ఈ సంగతి మనవారిలో చాలమందికి తెలియదు. తాము యాచకులమని, అతడు ప్రభువని తలంచి చేతులు నలుపుకొనుచు నిలుచుందురు. అతనికిని మనతో పని యున్నది.

దానమునకు దేశకాలపాత్రములు చూడవలయునని మన శాస్త్రములు చెప్పును. చిత్రమేమనగా, ఈ నూతన చట్టమును సరిగా ఆ మూడింటినే చూచుచున్నది.

దేశమనగా స్థలము. కంపెనీ తాను పనిచేయుచున్న ప్రాంతమునకు, దాని పరిసరములకు ప్రాధాన్య మీయవలయునని 135వ సెక్షనులోనే యున్నది. కావున దూరపు బొంబాయి కంపెనీకి పది యుత్తరములు వ్రాయుటకంటె, మన మండలమున సిమెంటు చేయువానిని, మందులు చేయువానిని, విద్యుత్తు పుట్టించువానిని ముందుగా కలియుట మేలు. ఏ కంపెనీ ఏ రాష్ట్రమున ఎంత వ్యయపెట్టినదో కేంద్రప్రభుత్వమువారి జాతీయ సి.ఎస్.ఆర్. పోర్టలున ఎవరైనను చూడవచ్చును. వెబ్‌సైటు గల ప్రతి కంపెనీయు తాను అంగీకరించిన ప్రాజెక్టులను అందు ప్రకటింపవలయును. మా సంఘమున ఇంజనీరింగు చదువు కుర్రవాడొకడు ఒక ఆదివారము మధ్యాహ్నమున కూర్చుండి మా జిల్లా పట్టిక యంతయు తీసి యిచ్చెను.

కాలమనగా ఆర్థిక సంవత్సరము. కంపెనీ తన డైరెక్టర్ల బోర్డు అంగీకరించిన వార్షిక ప్రణాళిక ననుసరించి వ్యయము చేయును. ఏప్రిల్ నుండి మార్చి వరకు దాని యేడు. మనవారు మార్చి నెలలో, మిగులు సొమ్మేదో దొరకునను నాశతో దరఖాస్తు పట్టుకొని పోవుదురు. పంట కళ్లమున జేరిన పిమ్మట విత్తనము చల్లబోవుట వంటిదది. ఏటి మొదటనే, సాధ్యమైన అంతకు ముందే, మన కోరిక వారి బల్లమీద నుండవలయును.

ఇక పాత్రము. కష్టమంతయు నిచటనే యున్నది.

కంపెనీ తానే స్వయముగా పని చేయవచ్చును. లేదా ఒక సంస్థద్వారా చేయింపవచ్చును. ఆ సంస్థ యెట్టిదై యుండవలెనో 2014 నాటి నియమములందు, 2021లో సవరింపబడిన రీతిగా, 4వ నియమము చెప్పుచున్నది. ప్రభుత్వము స్థాపించిన సంస్థలు, చట్టముచేత ఏర్పడిన సంస్థలు, కంపెనీ తానే పెట్టుకొన్న సంస్థలు అందున్నవి. వానితో మనకు పని లేదు. మనవంటివారికి తెరచియుంచిన ద్వార మొక్కటే. రిజిస్టరైన సొసైటీ గాని, రిజిస్టరైన పబ్లిక్ ట్రస్టు గాని, కంపెనీల చట్టము 8వ సెక్షను క్రింద ఏర్పడిన లాభాపేక్షలేని కంపెనీ గాని కావలయును. దానికి ఆదాయపు పన్నుశాఖవారి యనుమతులుండవలయును. అట్టి పనిలోనే కనీసము మూడేండ్ల యనుభవము చూపవలయును. వీనితో బాటు కేంద్రప్రభుత్వమున సి.ఎస్.ఆర్. నమోదు సంఖ్య యుండవలయును.

మా పఠనమందిరము కథ యిచట చెప్పుదును. అది ఊరివారు చందాలతో నడుపుకొనుచుండినది. సాయంకాలము దీపము పెట్టగనే పదవ తరగతి బాలికలు ఇరువదిమందికి తక్కువగాకుండ వచ్చి చదువుకొనుచుందురు. వారి యిండ్లలో చదువుటకు చోటు లేదు. రెండు గదులలో నొక దాని పైకప్పు కురియుచుండెను. సమీపమున నున్న ఒక కర్మాగారపు అధికారి దానిని చూచి, మూడు లక్షల రూపాయలతో కప్పు వేయించి, బీరువాలు, పాఠ్యగ్రంథములు ఇప్పింతునని తనంత తానే చెప్పెను. పిదప ఆయన యడిగినది ఒక్కటే: "చెక్కు ఎవరి పేర వ్రాయవలయును?" మేము ఒకరి మొగము నొకరు చూచుకొంటిమి. సంఘమునకు రిజిస్ట్రేషను లేదు. బ్యాంకు ఖాతా అధ్యక్షులవారి స్వంత పేర నున్నది. ఆయన ధర్మాత్ముడు, ఊరివారెవరికిని సందేహము లేదు. కాని చట్టము ధర్మాత్ముల పట్టికను చూడదు. సొమ్ము రాలేదు. ఆ యేడే అధ్యక్షులవారు కాలము చేసిరి. ఖాతాలోని చందా సొమ్ము వారసత్వపు కాగితములలో చిక్కుకొని పదునాలుగు నెలలకు గాని బయటపడలేదు. ఆ పదునాలుగు నెలలు దీపపు బిల్లు వేళకు కట్టలేక, పఠనమందిరము వారమున మూడు దినములే తెరవబడినది. మిగిలిన దినములలో ఆ పిల్లలెచట చదివిరో నేనెరుగను.

ఇందుకే మొదట కాయమను శబ్దమును గూర్చి చెప్పితిని. సంఘమునకు తన దేహము తనకుండవలయును. వ్యక్తి పోయినను అది పోరాదు. కందుకూరి వీరేశలింగముగారు తమ యాస్తిని రాజమహేంద్రవరమున హితకారిణీ సమాజమునకు సమర్పించిరి. ఆయన 1919లో కీర్తిశేషులైరి, సమాజము నిలిచినది. హైదరాబాదున 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము, వేటపాలెమున 1918లో వెలసిన సారస్వతనికేతనము స్థాపకుల యాయుర్దాయములను దాటి నిలిచినవి. ఆ మహనీయులు భావావేశముతో బాటు పత్రములను గూర్చియు శ్రద్ధ వహించిరి. మనము భావావేశమును మాత్రము గ్రహించితిమి.

మూడు రూపములలో ఏది మంచిది? గ్రామమునకు సొసైటీ సుకరమని నా యభిప్రాయము. పూర్వము ఆంధ్రప్రాంతమున 1860 నాటి సొసైటీల చట్టమును, తెలంగాణమున 1350 ఫసలీ నాటి హైదరాబాదు చట్టమును చెల్లుచుండెను. 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ రెండింటికి బదులు ఒక చట్టము చేసినది. 2014లో రాష్ట్రము విడిపోయిన పిదప తెలంగాణము దానినే తన పేర స్వీకరించినది. కనీసము ఏడుగురు సభ్యులు కలసి, సంఘము పేరు, చిరునామా, ఉద్దేశములు తెలుపు మెమొరాండమును, నడచుకొను నియమావళిని వ్రాసి, సంతకములు చేసి, జిల్లాలోని సొసైటీల రిజిస్ట్రారునకు సమర్పింపవలయును. పరరాష్ట్రములందున్న తెలుగువారికి ఆయా రాష్ట్రముల చట్టములు వేరుగ నున్నవి. వారు అచటివారిని విచారించుకొనవలయును.

ట్రస్టనగా ఒకరు ఆస్తినిచ్చి, దానిని ధర్మకార్యమునకై కాపాడుడని ధర్మకర్తల కప్పగించుట. దాని పత్రము సబ్‌రిజిస్ట్రారు కచేరిలో రిజిస్టరగును. ఒక కుటుంబము తన పెద్దల పేర పాఠశాల నడుపదలచినచో అది తగినది. ఎన్నికలుండవు, కలహములు తక్కువ. కాని ఊరివారికి మాట చెల్లుబడియు తక్కువ. 8వ సెక్షను కంపెనీ పట్టణములలో చదువరులకు, లెక్కలు చూచుకొను నుద్యోగి గలవారికి తగును. దాని కట్టుబాట్లు గట్టివి. కంపెనీలవారు దానిని కొంత యెక్కువ నమ్ముదురనుమాట నిజమే గాని, ఏటేటా సమర్పింపవలసిన పత్రముల బరువును పల్లెసంఘము మోయలేదు.

ఉద్దేశములు వ్రాయుచోట నా పండితబుద్ధి కొంత పనికివచ్చినది. మనవారు పొరుగూరి సంఘము కాగితమును తెచ్చి అక్షరాలా దించుకొందురు. అందు గోసంరక్షణము మొదలు అంతరిక్షపరిశోధన వరకు అన్నియు నుండును. కంపెనీల చట్టము ఏడవ షెడ్యూలున సి.ఎస్.ఆర్. సొమ్ము వేనికి చెల్లునో చెప్పబడినది: ఆకలి, దారిద్ర్యము తొలగించుట, వైద్యము, పారిశుద్ధ్యము, మంచినీరు, విద్య, స్త్రీల యభ్యున్నతి, అనాథలకు వృద్ధులకు ఆశ్రయము, పర్యావరణరక్షణ, కళలు, వారసత్వసంపద, గ్రామీణక్రీడలు, గ్రామాభివృద్ధి, విపత్తులందు సాయము, ఇట్టివి. సార్వజనిక గ్రంథాలయముల స్థాపన యను మాట అందు స్పష్టముగా నున్నది. చదివినపుడు నాకు కలిగిన యానందము దాచను. మీరు నిజముగా చేయు పని యేదో, అది ఈ షెడ్యూలున నెచట చేరునో చూచుకొని, ఆ మాటలనే తెలుగున స్పష్టముగా వ్రాయుడు. ఒక కులమువారికో, ఒక కుటుంబమువారికో మాత్రమే యని వ్రాయుట ఆదాయపు పన్నుశాఖలో చిక్కులు తెచ్చును. సంఘము ముగిసిపోయినచో మిగిలిన యాస్తి సభ్యులు పంచుకొనరాదని, అట్టి మరియొక ధర్మసంస్థకే చెందవలెనని నియమావళిలో తప్పక యుండవలయును. ఈ యొక్క వాక్యము లేక తిరిగివచ్చిన దరఖాస్తులను నేను చూచితిని.

రిజిస్ట్రేషను కాగానే సంఘము పేర పాన్ సంఖ్యను, బ్యాంకు ఖాతాను తీసికొనవలయును. ఖాతాపై ఇద్దరి సంతకము లుండవలెనని తీర్మానము వ్రాయుడు. పిదప ఆదాయపు పన్నుశాఖ. అచట రెండనుమతులు వేరువేరుగ గలవు. ఒకటి సంఘపు ఆదాయమునకు పన్ను మినహాయింపు. రెండవది మనకు విరాళమిచ్చినవానికి పన్నులో సౌకర్యము. 1961 నాటి చట్టమున 12ఏ, 80జీ యను సెక్షనుల పేర నివి లోకప్రసిద్ధములు. 2026 ఏప్రిల్ 1వ తేదితో ఆ చట్టము స్థానమున 2025 నాటి నూతన చట్టము ప్రవేశించుటచే సెక్షనుల సంఖ్యలు మారినవి. జనుల నోట మాత్రము పాతపేర్లే నిలిచియున్నవి. పేరు మారిన వీధిని పాతపేరుతోనే పిలుచుకొనుట మనకు క్రొత్త గాదు గదా.

ఈ రెంటిలో మొదటి యనుమతి యుండి రెండవది లేక నిరాశపడినవారు గలరు. సి.ఎస్.ఆర్. విషయమున సాధారణముగా రెండును కావలయును.

వీని పిమ్మట సి.ఎస్.ఆర్.-1 అను పత్రము. 2021 ఏప్రిల్ 1వ తేదినుండి, కంపెనీల పక్షమున ఈ పనులు చేయు ప్రతి సంస్థయు దీనిని కంపెనీ వ్యవహారముల శాఖవారి పోర్టలులో దాఖలు చేయవలయును. సంఘప్రతినిధి డిజిటల్ సంతకము చేయును. ప్రాక్టీసులో నున్న ఛార్టర్డ్ అకౌంటెంటు గాని, కంపెనీ సెక్రటరీ గాని, కాస్టు అకౌంటెంటు గాని దానిని పరిశీలించి తన డిజిటల్ సంతకముతో ధ్రువపరుపవలయును. సమర్పించిన వెంటనే యంత్రమే ఒక సంఖ్యను పుట్టించి యిచ్చును. ప్రభుత్వమునకు కట్టవలసిన రుసుము లేదు. అకౌంటెంటు తన శ్రమకు పుచ్చుకొనునది వేరు. నీతి ఆయోగువారి దర్పణ్ అను పట్టికలో పేరు నమోదు చేయించుకొనుటయు మంచిది, పలు కంపెనీలు ఆ సంఖ్యను గూడ నడుగుచుండును.

ఇచట నొక హెచ్చరిక చేయవలసియున్నది. ఈ సంఖ్య సొమ్మునకు హుండీ కాదు. అది పరీక్షకు హాలుటిక్కెట్టు వంటిది. "సి.ఎస్.ఆర్. నంబరు తెప్పింతుము, పది లక్షలు ఇప్పింతుము, మా వాటా యింత" యని తిరుగు దళారులు బయలుదేరిరి. మా యూరికి ఒకడు సూటు ధరించి, చేత తోలుసంచితో వచ్చెను. కొందరింకను ఘోరమైన మాట చెప్పుదురు: కంపెనీనుండి చెక్కు వచ్చును, దానిలో కొంత మీ రుంచుకొని మిగిలినది రొక్కముగా తిరిగి యిచ్చివేయుడని. అది ధర్మము గాదు సరిగదా, నేరము. అట్టిదానికి సంతకము పెట్టిన కార్యదర్శియు, కోశాధికారియు కచేరుల చుట్టు తిరుగుదురు, చెప్పినవాడు కానరాడు. ఇట్టివానిని గుమ్మము దాటనీయకుడు.

మూడేండ్ల యనుభవమను నియమము క్రొత్తసంఘమునకు కఠినముగా తోచును. నాకును మొదట నట్లే తోచినది. సొమ్ము లేక పని యెట్లు చేయుట, పని లేక సొమ్మెట్లు వచ్చుట యని వాదింపవచ్చును. ఆలోచింపగా ఇది మంచి నియమమేయని నిశ్చయమునకు వచ్చితిని. సొమ్ముకొరకే పుట్టిన సంఘమునకును, పనికొరకు పుట్టిన సంఘమునకును ఈ మూడేండ్లలో తేడా తెలియును. పని పెద్దది కానక్కరలేదు. చందాలతో దీపము వెలిగించుట పని, వారమునకొకసారి వైద్యుని పిలుచుట పని. కాని దానికి వ్రాత యుండవలయును. రిజిస్ట్రేషనుకు పూర్వము చేసిన పనిని లెక్కలోనికి తీసికొను నధికారిని నేనింతవరకు చూడలేదు. కావున నమోదు నాటినుండియే కాలము కొలుచుకొనుడు. పఠనమందిరము నడిపినవాడు గ్రంథాలయపు పనికే యనుభవశాలి. బోరుబావులు త్రవ్వింతునని పోయిన లాభము లేదు. నియమములోనే సమానమైన కార్యములయందు అనుభవమని యున్నది.

మా సంఘమువారము ఇట్లు చేసితిమి. ప్రతి సాయంకాలము వచ్చినవారి సంతకముల పుస్తకము. ప్రతి విరాళమునకు సంఖ్యగల రశీదు, అది ఐదు రూపాయలైనను సరే. ప్రతి కొనుగోలునకు బిల్లు. నెలకొక కార్యవర్గ సమావేశము, దాని తీర్మానములు ఆనాడే వ్రాసి చదివి వినిపించి సంతకములు చేయించుట. ఏటి చివర సర్వసభ్య సమావేశము, ఆడిటైన లెక్కలు, కార్యవర్గపు పట్టికను రిజిస్ట్రారునకు పంపుట. మొదట నవ్వినవారున్నారు. "మాస్టరుగారు పిల్లల హాజరు మానలేదు" అనిరి. మూడవ యేట ఆ కర్మాగారమునకు వచ్చిన క్రొత్త యధికారి, మా మాటలు వినుటకంటె ఆ సంతకముల పుస్తకమును తిరుగవేయుటకే ఎక్కువ కాలము వెచ్చించెను. వేలిముద్ర వలె వంకరటింకరగా నున్న ఆ పిల్లల సంతకములు మా పక్షమున సాక్ష్యము పలికినవి. నిరుడు పైకప్పు పడినది.

దరఖాస్తు వ్రాయుటలో మనవారికి పొగడ్తల యలవాటు ఎక్కువ. దాతను కల్పవృక్షముతో పోల్చి రెండు పుటలు నింపుదురు. అధికారికి కావలసినది వేరు. ఏ లోపమును తీర్చుట, ఎందరికి, ఎచట, ఎన్ని నెలలలో, ఏ వస్తువునకు ఎంత, పని జరిగినదని యెట్లు తెలియును, సొమ్ము ముగిసిన పిమ్మట ఎవరు నడుపుదురు - ఇవి నాలుగు పుటలలో నుండవలయును. ఉపాధ్యాయుని జీతము, పుస్తకముల వెల వంటి నేరుగా పనికి సంబంధించిన వ్యయములు ప్రాజెక్టు వ్యయములే. కంపెనీ తన కార్యాలయపు నిర్వహణ ఖర్చులను మాత్రము తన మొత్తము సి.ఎస్.ఆర్. వ్యయములో నూటికి ఐదుకు మించి చూపరాదు. ఈ ఐదు మన ప్రాజెక్టుపై పెట్టిన హద్దని పొరబడి, బోధకునకు జీతమే వ్రాయని సంఘములున్నవి.

కొన్ని పనులకు ఈ సొమ్ము చెల్లదు. రాజకీయపక్షములకు ఈయరాదు. కంపెనీ తన యుద్యోగులకు మాత్రమే మేలుచేసుకొనరాదు. తన వస్తువుల ప్రకటనకొరకు చేయు వ్యయము లెక్కకు రాదు. తన వ్యాపారములో సహజముగా చేయునదియు రాదు. ఏ యెన్నికల యభ్యర్థియో మన వేదికమీద ఆ సొమ్మును తాను తెచ్చినట్లు చాటుకొనబోయిన, సంఘము ముందుగనే కాదనవలయును.

విదేశీయుల కంపెనీ మన దేశమున పెట్టిన శాఖ ఇచ్చు ధనము విదేశీ విరాళమగునా యని హైదరాబాదు శ్రోతలకు సందేహము కలుగవచ్చును. మన దేశమున రిజిస్టరైన కంపెనీలో విదేశీయుల వాటా సగమునకు మించినను, అది చట్టము అనుమతించిన పరిమితిలో నున్నచో విదేశీమూలముగా నెంచనక్కర లేదని 2016లో చట్టమును సవరించిరి. విదేశమునుండి నేరుగా వచ్చు డబ్బు సంగతి వేరు. దానికి విదేశీ విరాళముల చట్టము క్రింద అనుమతి లేక ఒక రూపాయియు ముట్టరాదు. అమెరికాలోని మన పిల్లలు ఆ దేశపు పౌరులై పంపునదియు నిందులో చేరును.

సొమ్ము వచ్చిన పిమ్మట కట్టుబాటు మరింత బిగియును. పంపిణీ చేసిన సొమ్ము అనుమతించిన పనికే, అనుమతించిన రీతినే వినియోగమైనదని కంపెనీ యొక్క ముఖ్య ఆర్థికాధికారి ధ్రువీకరింపవలయును. ఆయన యది చేయవలెనన్న మన వినియోగ ధ్రువపత్రము, బిల్లులు, ఛాయాచిత్రములు వేళకు చేరవలయును. బీరువాల కిచ్చినది కుర్చీలకు వెచ్చింపదలచినచో ముందుగా వ్రాతమూలకముగా అడుగుడు. పిదప చెప్పుకొను సమాధానములు చెల్లవు. పెద్ద కంపెనీలు పెద్ద పనుల ఫలితములను స్వతంత్రులైన యితరులచే పరీక్షింపజేయును: సగటున 10 కోట్లు అంతకు మించి బాధ్యత గల కంపెనీ, కోటి రూపాయలకు తక్కువకాని ప్రాజెక్టులు ముగిసి యేడాది గడచిన పిమ్మట. మనవంటి మూడు లక్షల పనికి అది రాదు గాని, వచ్చునట్లే లెక్కలుంచుట వలన నష్టము లేదు.

ఇంతటి తతంగము మాకు సాధ్యముకాదనువారు పల్లెలలో నుండక మానరు. ఏడుగురు దొరకని యూరులు, దొరికినను ఒక చోట కూర్చుండని యూరులు గలవు. వారికి వేరొక త్రోవ యున్నది. కంపెనీ తానే స్వయముగా భవనము కట్టించి, ఆ యాస్తిని పంచాయతీ వంటి ప్రభుత్వసంస్థకు చెందజేయుటకు నియమములు అవకాశ మిచ్చుచున్నవి. స్వయంసహాయక సంఘముల రూపమున లబ్ధిదారుల పేరనైనను ఉంచవచ్చును. సర్పంచి తీర్మానముతో ఇట్టి కోరికను పంపవచ్చును. భవనము వచ్చును, దాని తాళపుచెవి యెవరియొద్ద నుండును, సాయంకాలము ఎవరు తెరతురు అను ప్రశ్నలు మాత్రము మరల ఊరివారినే చేరును.

చివరగా నొక చిన్న మాట. ఆదాయపు పన్నుశాఖవారి యనుమతులు 2021 తరువాత శాశ్వతములు కావు, వానికి గడువు గలదు. గడువు ముగియక పూర్వమే మరల దరఖాస్తు చేసుకొనవలయును. అనుమతి తప్పిపోయిన సంఘమునకు కంపెనీ సొమ్మీయలేదు. మా పఠనమందిరమున గడియారము క్రింద గోడమీద ఆ తేదిని సున్నముతో పెద్ద యక్షరములలో వ్రాయించితిమి. చదువుకొనవచ్చు పిల్లలు ఇది యెవరి పరీక్షతేది యని యడుగుచుందురు.